ఓదెమ్మ పొద్దు

నాలుగో గని ఆసుపత్రిలో పొద్దు చెప్పే పనికి కొత్తగా చేరిన భాగ్యవ్వ చెల్లెకు, ఏడో గని ఆసుపత్రిలో అదే పని చేసే గట్టయ్య రాసేది.

ముందుగాల నా చేతిరాతకు ఏమనుకోవద్దు. కోడి గెలికినట్టు ఉంటది. ఒత్తులు పడాల్సిన చోట పడవు, పడొద్దన్న చోట పడతయి. ఐదో తరగతి దాక చదివిన, అది గూడ బడి ఇంకా పైన ఉన్న కాలంల. పైన ఎండలకు తాళలేక మా వాళ్ళు గనిలకు దిగినంక పలక పోయి చేతికి తట్ట వచ్చింది. తప్పులు నువ్వే దిద్దుకొని చదువు.

నీ ఉత్తరం అందింది. ఆపరేషన్ అయిన ముసలోళ్ళ పక్కన కూసొని పొద్దు చెప్పుడు గూడ ఒక పనేనా అన్నా, అని అడిగినవ్. నాకు మాటలు రావు. అందుకే నా పుస్తకంల ఒకామె గురించి ఏ రోజుకారోజు రాసుకున్నది ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్న. నీ ఉత్తరం చివర ఇంకో మాట ఉన్నది గద, దానికి జవాబు నేను గూడ చివరనే రాస్త.

ఒకటో దినం

గని సైరను మొదటి కూత కాంగనే దీపాలు తెల్లగైనయి. పైన పొద్దుగూకి ఎండ సెగ పోయింది. ఊరోళ్ళు బువ్వ తిని, లిఫ్టు కాడ వరుస కట్టి, చేన్లకు పోయిన్రు. నేను చేతులు కడుక్కొని ఆరు మంచాల కండ్లద్దాలు తుడిచిన, చెవి మిషన్లు పెట్టిన. నిన్న రెండు మంచాల కట్టుడు పండ్ల సెట్లు మారిపోయినయి. ఇద్దరూ నామీద అలిగిన్రు. ఇయ్యాల పేర్లు రాసిన.

ఆరో మంచానికి కొత్త మనిషి వచ్చింది. పేరు ఓదెమ్మ. డెబ్బై తొమ్మిదేండ్లు. పైమనిషి. మన దీపాలకు కరెంటు ఇచ్చే ఎండ అద్దాలను తుడుసుకుంట పైన ఒక నలభై మంది మధ్యాహ్నాలు నీడ పట్టున దాగి బతుకుతరు గద, వాళ్ళల్ల ఒకామె. ఆ అద్దాల చట్రం మీదినుంచి పడ్డది. తుంటి ఇరిగింది.

అందరం మంచం చుట్టూ నిలబడ్డం. ఆపరేషన్ చేసే నవనీత డాక్టరమ్మ, మత్తు ఇచ్చే రహీం సారు, గ్రేసమ్మ సిస్టరు, నడిపించే రాజేశం, నేను. మంచం తలకాడ నల్ల పలక ఉంటది. ఎవరు ఏం చేస్తరో దాని మీద రాసుకోవాలె. చేసినంక టిక్కు పెట్టాలె.

డాక్టరమ్మ మంచం మీద కూసొని చెప్పింది. "అవ్వా, ఈ వయసుల ఆపరేషన్ అయినంక కొందరికి మతి చెదురుతది. ఎక్కడున్నరో తెల్వదు. లేనియి కనబడతయి. అది రాకముందే ఆపొచ్చు, కానీ ఒక్కరితోని కాదు. అందుకే ఇంతమందిమి వచ్చినం."

"ఇంతమంది నా పెండ్లికి గూడ రాలే," అన్నది ఓదెమ్మ. మళ్ళ నవ్వు ఆపి అడిగింది. "చెదిరింది చెదిరినట్టే ఉంటే?"

అట్లయితే ఏమైతదో అందరికీ ఎరుకే. పైకి పోయే గేటు కాడ కావలాయన, ఇది ఏ పూట అని అడుగుతడు. తప్పు చెప్పినోళ్ళను పోనియ్యడు. వెనకట ఒకాయన పూట తెల్వక మిట్టమధ్యాహ్నం బయటికి నడిచిండు. సాయంత్రం పీనుగను ఎత్తుకొచ్చిన్రు. అప్పటి సంది ఆ కట్టుబాటు. గేటు దాటలేనోళ్ళకు కింది వరుసల గదులున్నయి. మంచి గదులే. వాటికి ఆకాశం ఉండదు.

"కింది వరుసల పెట్టేటట్టయితే నాకు ఆపరేషనే వద్దు," అన్నది ఓదెమ్మ. "ఇరిగిన తుంటితోనే ఆకాశం కింద పడి ఉంట."

"నిన్ను నీ ఆకాశం కిందికి పంపుతం," అన్నది డాక్టరమ్మ.

రహీం సారు రాసిండు: నడుము కిందికే మత్తు, నిద్రమందు బంద్. గ్రేసమ్మ రాసింది: నొప్పికి గోళి, తాగనీకి నీళ్ళు, మూత్రం పైపు మరునాడే తీసుడు. రాజేశం రాసిండు: మరునాడే నిలబెట్టుడు. నా వంతు: అద్దాలు, చెవి మిషను, పండ్లు, కూత కూతకు పొద్దు చెప్పుడు.

రెండో దినం

ఆపరేషన్ అయింది. ఎముక మంచిగ కూసున్నదని డాక్టరమ్మ చెప్పింది. ఓదెమ్మను మంచం మీదికి తెచ్చినంక అద్దాలు పెట్టి, చెవి మిషను పెట్టి, దగ్గర కూసున్న.

"అక్కా, ఇది ఏడో గని ఆసుపత్రి. నీ తుంటికి ఆపరేషన్ అయింది. మంచిగైంది. ఇప్పుడు పగలు, రెండో కూత అయింది."

"పగలా?"

"పగలే."

"అట్లనా," అని కండ్లు మూసుకున్నది.

మూడో దినం

రోజూ మొదటి కూతకు అందరం పలకల కాడ కలుస్తం. ఒక్కొక్కరు ఒక్క ముచ్చట చెప్పాలె. అందరి వెనుక నా వంతు. నేను ఎప్పుడూ "ఏం లేదు" అంట. రాజేశం నా కంటె ముందే "కాకాది ఏం లేదు" అని నవ్వుతడు. నాకు అదే నిమ్మళం.

రెండో కూత యాల్లకు రాజేశం ఓదెమ్మను నిలబెట్టిండు. ఆమె కండ్లు మూతలు పడుతున్నయి. రెండడుగులేసి వాని చెంప మీద ఒకటిచ్చింది.

"నడిరాత్రి లేపి నడువుమంటవేందిరా, నీ ఇల్లు బంగారం గాను!"

వార్డంత నవ్విన్రు. రాజేశం గూడ చెంప రుద్దుకుంట నవ్విండు. గోడకున్న కావలి మిషను మాత్రం నవ్వలే. అది కూత కూతకు నాలుగు ప్రశ్నలు అడుగుతది: నీ పేరేంది, ఎక్కడున్నవ్, పగలా రాత్రా, వారాల పేర్లు వెనక్కి చెప్పు. మొన్న వచ్చిన్నాడు ఓదెమ్మకు నాలుగుకు మూడు వచ్చినయి. ఇయ్యాల రెండు.

నేను మళ్ళ చెప్పిన. "అక్కా, ఇది రాత్రి కాదు. పగలు. దీపాలు చూడు, ఎంత తెల్లగున్నయో." మంచి మాటతోనే చెప్పిన. విసుక్కోలే.

నాలుగో దినం

మూడో కూత అయి దీపాలు ఎర్రగ మసకబారినయి. ఊరంత పండుకునే యాల్ల. నేను ఇంటికి పోయేముందు ఆఖరుసారి పొద్దు చెప్పనీకి ఆరో మంచం కాడికి పోయిన. ఓదెమ్మ లేచి కూసొని ఉన్నది. కండ్లు కడిగిన అద్దాల లెక్క తేటగున్నయి.

"పిలగా, ఒక యాప పుల్ల దొరుకుతదా? నోరు కడుక్కుంట."

నాకు డెబ్బై ఒకటి. నన్ను పిలగా అన్నోళ్ళు ఎవరూ లేకపాయె. నవ్వొచ్చింది.

"నీ పేరు గట్టయ్య గద. నీ మాటల పై యాస ఉన్నది. నువ్వు పైన పుట్టినవా?"

"తొమ్మిదేండ్లప్పుడు దిగిన."

"అట్లయితే నీకు ఎరుకే. అద్దాలు తుడిచే యాల్లయింది. మంచు ఆరకముందే తుడవాలె, లేకుంటే మరకలైతయి."

పేరు తెలుసు, నా ఊరి ముచ్చట తెలుసు, మంచు ముచ్చట తెలుసు. చెదిరిన మనిషి ఇట్ల మాట్లాడదు. కానీ నా పని నేను చెయ్యాలె గద.

"లేదక్కా. ఇప్పుడు రాత్రి. పండుకో."

అబద్ధాలోని దిక్కు చూసినట్టు నా దిక్కు చూసింది. "పండుకునేటందుకు నిద్ర రావాలె గద పిలగా," అన్నది. పండుకున్నది. కండ్లు మాత్రం తెరిచే ఉన్నయి.

ఇంటికి పోయే తొవ్వల ఆకుకూరలు పెంచే గది ఉన్నది. గనిలకు గాలి దించే పాత గాలిబావిల నుంచి అద్దాల తోటి ఎండను ఆ గదిలకు దించుతరు. రోజూ ఆ తలుపు ముంగట్నుంచే పోత. ఇయ్యాల ఆగి చూసిన. పాలకూర మడి మీద లేత ఎండ పడ్డది, పసుపు నీళ్ళు చల్లినట్టు. పొద్దు అప్పుడే పొడిచింది.

మాకు రాత్రి నిజమే. ఆమెకు పొద్దున గూడ నిజమే. ఇన్ని సార్లు పొద్దు చెప్పిన గద, ఒక్కసారి గూడ ఆమె పొద్దు చెప్పలే.

ఐదో దినం

పలకల కాడ నా వంతు వచ్చింది. నోట్ల మాట ఉన్నది. రాజేశం "కాకాది ఏం లేదు" అన్నడు. అందరూ అప్పటికే పోనీకి తిరిగిన్రు.

"ఏం లేదు," అన్న.

ఎందుకన్ననో రాసుకోవాలె. అంత సదువుకున్నోళ్ళకు ఇది తెల్వకుంట ఉంటదా అనుకున్న. తెలిసే ఏదో లెక్క చేస్తున్నరేమో, నేను మధ్యల దూరి నవ్వులపాలు అవుడెందుకు అనుకున్న.

ఓదెమ్మ ఇయ్యాల బువ్వ తినలే. దుప్పటి పోగులు పీకుతున్నది. చేతిల గుడ్డ లేదు గానీ గాలిని తుడుస్తున్నది. పైకి, కిందికి, పైకి, కిందికి. గ్రేసమ్మను పట్టుకొని "మల్లక్కా" అన్నది. మల్లక్క ఆమె అక్క. చచ్చిపోయి పదేండ్లయింది.

ఆరో దినం

మళ్ళ ఏం లేదన్న.

రెండో కూతకు ఓదెమ్మ చేతి సూది పీకేసుకున్నది. దుప్పటి నిండ నెత్తురు. అద్దాలు పగిలినయి పగిలినయి అని ఒకటే ఒర్రుడు. డాక్టరమ్మ ఉరికొచ్చింది. నెత్తురు చూసిన్రు, మూత్రం చూసిన్రు, జరం చూసిన్రు. ఏం తప్పు లేదు. పలక ముంగట నిలబడి ఎవరి వరుస వాళ్ళు చదువుకున్నరు. రహీం సారు మత్తు ఎక్కువ ఇయ్యలే. గ్రేసమ్మ నీళ్ళు తప్పలే. రాజేశం నడక తప్పలే. నేను పొద్దు చెప్పుడు తప్పలే. పలక నిండ టిక్కులే ఉన్నయి. మనిషి మాత్రం లేదు.

"ఇంకో రెండు దినాలు చూద్దం," అన్నది డాక్టరమ్మ మెల్లగ. "తర్వాత కింది వరుసకు రాయాల్సొస్తది."

నెత్తురు దుప్పటి మారుస్తుంటే గ్రేసమ్మ తోటి చెప్పిన. గాలిబావి ఎండ, యాప పుల్ల, అంత చెప్పిన. ఆమె చేతిల దుప్పటి సగం మడత కాడనే ఆగింది.

"తాతా, నీకు ఎప్పటి సంది తెలుసు?"

"మొన్నటి సంది."

తిట్టలే. తిడితే బాగుండు. ఆ మడత పూర్తి చేసి అన్నది. "ఇది నేను చెప్పొచ్చు. నేను చెప్తే గ్రేసమ్మ మాట అయితది. ఇంకోనాడు ఇంకో ముచ్చట మళ్ళ నీ నోట్లనే ఉండిపోతది. రేపు నువ్వే చెప్పు. నేను నీ పక్కకు నిలబడత."

ఏడో దినం

పలకల కాడ సుద్దముక్క చేతిల పట్టుకున్న, చెయ్యి వణుకుడు కనబడకుంట.

"కాకాది ఏం లేదు," అన్నడు రాజేశం.

"ఉన్నది," అన్న.

అందరూ తిరిగిన్రు. గ్రేసమ్మ నా పక్కకు జరిగింది. నేను నేల దిక్కు చూసుకుంట చెప్పిన.

"ఆరో మంచమామె తప్పు చెప్తలేదు. మనకు ఇప్పుడే తెల్లారింది. ఆమెకు ఇప్పుడే పొద్దుగూకింది. అరవై ఏండ్ల సంది పైన పొద్దుతోని లేసి పొద్దుతోని పండుకున్న మనిషి. మనం రాత్రంత దీపాలు పెట్టి నడిపిస్తున్నం. పగలంత చీకటి చేసి పండుకోమంటున్నం. ఆరు దినాల సంది నిద్ర లేదు. నీ ఒళ్ళు చెప్పేది అబద్ధం అని నేనే రోజూ చెప్తున్న."

గోడ మీది కావలి మిషను ఒక్కటే మాట్లాడింది. "ఆరో మంచం. నాలుగుకు ఒకటి."

"దాని నోరు ఎవరన్న ముయ్యుండ్రి," అన్నడు రాజేశం.

రహీం సారు కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. "మేమంత కింద పుట్టినోళ్ళం. పైన ఎండ ఉంటదని తెలుసు. ఆ ఎండతోని నిద్రపోయేటోళ్ళు, లేసేటోళ్ళు ఉంటరని తట్టనే లేదు."

"పెద్దయ్యా, నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నది డాక్టరమ్మ.

"నాలుగో దినం. భయపడి చెప్పలే."

డాక్టరమ్మ చాలాసేపు నా దిక్కే చూసింది. నా పని పోయింది అనుకున్న. "మేం ఆమెను ఒక్కమాట అడగలే. నువ్వు మాకు చెప్పలే," అన్నది. "రెండు తప్పులూ పలక మీద రాయి."

రాసిన. నా అక్షరాలు వంకరగ వచ్చినయి. ఎవరూ దిద్దలే.

ఆ పలక మీద పాతదంత తుడిచి కొత్తది రాసిన్రు. మంచం ఆకుకూరల గదికి మార్చాలె. మొదటి కూతకు దీపాల వెలుగు పడకుంట నల్ల తెర దించాలె, మూడో కూతకు ఎత్తాలె. రహీం సారు గోళీల యాల్లలన్ని తిప్పి రాసిండు. గ్రేసమ్మ వేరే సిస్టరుతోని డ్యూటీ మార్చుకున్నది. నడక మూడో కూత తర్వాతనే, అంటే రాజేశం పండుకునే యాల్లకు.

"నా పెండ్లాం నన్ను ఇంట్లకు రానియ్యదు," అన్నడు రాజేశం.

"పాలకూర తీస్కపో, రానిస్తది," అన్నది గ్రేసమ్మ.

కావలి మిషనుకు పై పొద్దు నేర్పుదమని డాక్టరమ్మ చూసింది. దానికి ఆ లెక్క రాదు. "అట్లయితే ప్రశ్నలు పెద్దయ్యనే అడుగుతడు," అన్నది. మిషను బదులు నేను. మాటలు రానోన్ని.

ఎనిమిదో దినం

రాత్రి, అంటే ఓదెమ్మ రాత్రి, తెర దించి కాపలా కూసున్న. దగ్గొచ్చినా నోట్ల గుడ్డ పెట్టుకున్న. ఐదు గంటలు పండుకున్నది. మూడో కూతకు తెర ఎత్తిన. పాలకూర మడి మీద, ఆమె కాళ్ళ మీద ఎండ పడ్డది.

"అక్కా, పొద్దు పొడిచింది," అన్న.

చూసింది. గాలిని తుడుసుడు ఆగలే. గ్రేసమ్మను మళ్ళ మల్లక్క అన్నది. ఒక్కనాటితోని అయ్యేది కాదని రహీం సారు చెప్పిండు. ఆ రెండు దినాలు నేను ఊకోకుంటే ఇంత దూరం పోకపోవునేమో.

పదో దినం

తెర ఎత్తంగనే మడి దిక్కు చూసి మొఖం ముడిచింది.

"ఈ పాలకూర ఎవరు పెట్టిన్రు పిలగా? ఇంత దగ్గర దగ్గర పెడితే పెరుగుతదా?"

నేను బయటికి ఉరికి గ్రేసమ్మను పిలిచిన. డెబ్బై ఒక్క ఏండ్లల్ల అంత గట్టిగ నేను ఎన్నడూ ఒర్రలే. అందరూ వచ్చిన్రు. రాజేశం నిద్ర మొఖంతోనే వచ్చిండు.

"నిన్ను నేను కొట్టిన్నా?" అన్నది ఓదెమ్మ.

"కొట్టినవ్."

"మళ్ళ కొడత. నడిపియ్యి."

తొమ్మిదడుగులు నడిచింది.

పద్నాలుగో దినం

మొదటి కూతకు గేటు తెరుస్తరు. చేతికర్ర పట్టుకొని ఓదెమ్మ, ఎనుక మేం అయిదుగురం. గేటు కావలాయన కాయితం తీసిండు.

"అవ్వా, ఇది ఏ పూట?"

ఇక్కడ అందరికీ తెల్లారిన యాల్ల. ఆయన కాయితం మీద గూడ పొద్దున అనే ఉన్నది.

ఓదెమ్మ ఆయనను కింది నుంచి మీది దాక చూసింది.

"నీకు తెల్లారింది. నాకు పొద్దుగూకింది. ఏది రాసుకుంటవో రాసుకో బిడ్డా, నాకు నిద్రొస్తున్నది."

ఆయన కాయితం దిక్కు చూసిండు, డాక్టరమ్మ దిక్కు చూసిండు. "రెండూ సరే అని రాయి," అన్నది డాక్టరమ్మ. రాసిండు. గేటు తెరిచిండు. ఓదెమ్మ వెనక్కి తిరగలే. కర్ర చప్పుడు మాత్రం చాలాసేపు ఇనబడ్డది.

ఇంతవరకే పుస్తకంల ఉన్నది చెల్లె.

ఇప్పుడు మా పలకల మీద మొట్టమొదటి వరుస ఇది: నువ్వు ఏ పొద్దుకు లేస్తవు? రోజూ మీటింగుల అందరికంటె ముందు మాట్లాడేది గూడ నేనే. డాక్టరమ్మ పెట్టిన కట్టుబాటు. చానా దినాలు ఇంకా "ఏం లేదు" అనే అంట. వాళ్ళు మాత్రం వెంటనే తిరిగి పోరు, కొంచెం సేపు ఆగుతరు. ఆ ఆగినప్పుడు ఒక్కోసారి మాట వస్తది.

ఓదెమ్మ మొన్న లిఫ్టు మనిషి తోటి యాప పుల్లలు పంపింది. మతి మంచిగనే ఉన్నదట. ఆ ఐదో దినం, ఆరో దినం మాత్రం ఆమెకు ఇప్పటికీ యాదికి లేవట. నాకు ఉన్నయి.

నీ ఉత్తరం చివర ఒక్క వరుస రాసినవ్. మీ మూడో మంచం ముసలాయన పైమనిషి, ఊరంత పండుకున్నంక లేసి చెప్పులు అడుగుతడు, రెండుసార్లు నిద్ర సూది ఇచ్చిన్రు, నాకెందుకులే అని ఊకున్న అని. ఆ ఒక్క వరుస కోసమే ఇదంత రాసిన. ఆయన తప్పు చెప్తలేడేమో. నాకు పూర్తిగ తెల్వదు, ముందు ఆయననే అడుగు, ఏ పొద్దుకు లేస్తవని. తర్వాత మీ డాక్టర్ల ముంగట నిలబడి చెప్పు. చేతిల సుద్దముక్క పట్టుకుంటే వణుకు కనబడదు. నా లెక్క రెండు దినాలు ఆగకు.

ఉత్తరాల బండి నీ దగ్గరికి రెండు కూతలల్ల వస్తది, ఒక్క కూత సేపు ఆగి మళ్ళ ఇటు తిరుగుతది. అదే బండికి జవాబు పంపు చెల్లె. పెద్దగ రాయకు. చెప్పిన అని ఒక్క మాట రాస్తే చాలు. జల్ది రాయి, నేను బండి కాడనే ఉంట.